గ్యాస్ బండ రేటు తగ్గినా పెసరట్టు రేటు ఎందుకు తగ్గదంటే

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: పెట్రోలు, డీజిల్, గ్యాస్ పెరిగితే మర్నాటికల్లా అన్నీ పెరుగుతాయి, తగ్గినప్పుడు మాత్రం ఏదీ తగ్గదు, ఆ మిగిలింది మధ్యలో ఎవరు తింటున్నారు?

కాకినాడలో పద్నాలుగేళ్ళుగా టిఫిన్ హోటల్ నడుపుతున్నాను. అంటే మీరు వెతుకుతున్న ఆ మధ్యవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆర్థిక శాస్త్రం నాకు రాదు, నా గల్లాపెట్టె లెక్క చెప్తాను.

2023 సెప్టెంబర్ మొదటి వారంలో, రోజూ వచ్చే ఒక రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి పేపరు మడిచి టేబుల్ మీద పెట్టి, "ఏమయ్యా, పెద్ద బండ 157 రూపాయలు తగ్గిందట, మరి పెసరట్టు ఎంత తగ్గిస్తున్నావ్?" అన్నారు. నలుగురూ వింటున్నారు. నవ్వేసి అల్లం చట్నీ ఇంకో గరిటె వేశాను గానీ ఆ రాత్రి షట్టర్ దించాక నిజంగానే లెక్క వేసి చూశాను. మాకు 19 కిలోల బండ రెండు రోజులకు ఒకటి ఖాళీ అవుతుంది, నెలకు పదిహేను. బండకు 157 చొప్పున నెలకు 2,355 రూపాయలు మిగులు. రోజుకు అటూ ఇటుగా 350 ప్లేట్లు పోతాయి కాబట్టి నెలకు పదివేల ఐదొందల ప్లేట్లు. పంచితే ప్లేటుకు 22 పైసలొచ్చింది. 22 పైసలు ఎలా తగ్గించమంటారు? పావలాయే 2011లో చెల్లకుండా పోయింది.

సరే, నెల తిరిగింది. అక్టోబర్ 1న అదే బండ 209 రూపాయలు పెరిగింది, అంటే ప్లేటుకు 30 పైసలు. అప్పుడూ నేను పెంచలేదు, ఆయనా అడగలేదు.

హోటళ్ళ బండ రేటు సాధారణంగా ప్రతి నెలా ఒకటో తారీఖున మారుతుంది. మన దేశం వాడే ఎల్పీజీలో సగానికి పైగా దిగుమతే, సౌదీ వాళ్ళు నెలనెలా ప్రకటించే రేటు, దాని మీద డాలర్ మారకం, రెండూ కలిసి మన వీధి చివరి పొయ్యి దాకా వస్తాయి. నా బోర్డు మీద అంకె మాత్రం రెండు మూడేళ్ళకోసారి గానీ మారదు. నెలనెలా మారిస్తే జనం తగువుకొస్తారు, పక్క వీధి హోటల్‌కి పోతారు. అందుకని నాలాంటివాడు ఏం చేస్తాడంటే, పెరుగుదలని పైసల్లో భరిస్తూ భరిస్తూ, ఇంక నా వల్ల కాదు అనుకున్న రోజున ఒకేసారి ఐదు రూపాయలు వేసేస్తాడు, ఆ ఐదు కూడా ఇవాళ్టి రేటుని బట్టి కాదు, రాబోయే చెడ్డ నెలని ఊహించుకుని వేస్తాడు.

ఢిల్లీ రేటు ప్రకారం 2021 జనవరిలో 19 కిలోల బండ 1,349. యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక 2022 మే 1న 2,355.50. వెయ్యి రూపాయలు పెరిగింది, మా దగ్గర రవాణాతో ఇంకొంచెం ఎక్కువే. ఆ పెరుగుదల ప్లేటుకు రూపాయిన్నర కూడా లేదు, కానీ సరిగ్గా అప్పుడే సన్‌ఫ్లవర్ నూనె కూడా మండిపోయింది, దాంతో నేను ప్లేటు 30 నుంచి 35 చేశాను. ఆ తర్వాత 2023 సెప్టెంబర్‌కి బండ 1,522.50కి దిగింది. అంటే పైనుంచి చూస్తే 833 తగ్గినట్టు, నెలకు దాదాపు పన్నెండున్నర వేలు నాకు మిగిలినట్టు. దాచడమెందుకు, మిగిలాయి. బోర్డు మార్చలేదు. ఆ డబ్బులో సగం వంట మాస్టర్ జీతం కిందికి పోయింది (ఎదురుగా ఇంకో హోటల్ పెట్టి అతన్ని రమ్మన్నారు, పెంచక తప్పలేదు), మిగతాది 2022లో చేసిన అప్పుకి కట్టాను. మీరు అడిగిన "తినడం" ఇదే.

ఇంట్లో వాడే 14.2 కిలోల బండ కథ వేరు. దానికి 5 శాతం జీఎస్టీ, మాకు 18. దాన్ని ప్రభుత్వం పట్టుకుని ఉంచుతుంది, 2023 ఆగస్టు చివర్లో 200 తగ్గించింది, 2024 మార్చిలో ఇంకో 100, 2025 ఏప్రిల్‌లో 50 పెంచింది. ప్రపంచంలో ఏం జరుగుతోందో ఆ బండని చూసి చెప్పలేం, ఎన్నికలు ఎప్పుడో మాత్రం కాస్త చెప్పొచ్చు. ఈ తేడా వల్లే టిఫిన్ బళ్ళ కింద గోనె కప్పుకుని ఇంటి బండలు కనిపిస్తుంటాయి. దొరికితే సివిల్ సప్లయిస్ వాళ్ళు పట్టుకుపోతారు.

నేను చేసిన పనే ప్రభుత్వమూ చేస్తుంది, కాకపోతే పెద్ద గల్లాపెట్టె. 2020 ఏప్రిల్‌లో అమెరికాలో ముడిచమురు రేటు ఒకరోజు సున్నా కన్నా కిందికి పోయింది గుర్తుందా? ఆ మే నెలలోనే కేంద్రం పెట్రోలు మీద లీటరుకు 10, డీజిల్ మీద 13 రూపాయలు సుంకం వేసింది. బంకులో రేటు పెరగలేదు, తగ్గాల్సింది తగ్గలేదు, అంతే. 2021 నవంబర్ నుంచి ఐదు రాష్ట్రాల ఎన్నికలయ్యేదాకా నాలుగున్నర నెలలు రేటు కదల్లేదు, 2022 మార్చి 22న మొదలుపెట్టి ఏప్రిల్ 6 లోపల పద్నాలుగు సార్లు పెంచి పది రూపాయలు వేశారు. పేరుకి రోజువారీ రేటు, 2017 జూన్ నుంచి.

ఆ పదహారు రోజుల్లో మా బావ దగ్గర జరిగింది చెప్తాను. ఆయనది ఒక్కటే లారీ, ఫైనాన్స్‌లో ఉంది. కాకినాడ నుంచి హైదరాబాద్ అయిదొందల కిలోమీటర్లు, లోడు మీద లీటరుకు నాలుగు కిలోమీటర్లు వస్తే అదృష్టం, అంటే 125 లీటర్లు. పది రూపాయలు పెరిగితే ఒక్క వైపుకే 1,250. బ్రోకర్ ఆఫీసులో కిరాయి పెంచమని అడిగితే, "నువ్వు కాకపోతే వెనక నలుగురున్నారు" అన్నాడు. పెద్ద ట్రాన్స్‌పోర్టు కంపెనీలకి డీజిల్ పెరిగితే కిరాయి దానంతటదే పెరిగేలా ఒప్పందంలోనే రాసుకుంటారు, బావలాంటివాళ్ళకి ఆ కాగితం ఉండదు. రెండు ట్రిప్పులు నష్టానికే వెళ్ళాడు, ఎందుకంటే బండి ఆపినా కిస్తీ ఆగదు. మూడు వారాలకి కిరాయి కొంచెం పెరిగింది. ఆ మే 21న కేంద్రం డీజిల్ మీద 6 రూపాయలు తగ్గించగానే బ్రోకరే ముందు ఫోన్ చేశాడు, కిరాయి తగ్గించమని. అంటే తగ్గుదల కూడా వస్తుందండీ, బలహీనుడి దగ్గరికి ముందు వస్తుంది.

మధ్యలో ఒక మాట, మా ఊళ్ళో చాలామంది యానాం వెళ్ళి పెట్రోలు కొట్టించుకొస్తారు. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది, వ్యాట్ తక్కువ, లీటరుకు పది రూపాయల పైనే తేడా. ఏపీలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆ పైన లీటరుకు 4 రూపాయలు, ఇంకో రూపాయి రోడ్డు సెస్సు. బండి మీద పనిగట్టుకుని వెళ్తే పోనూ రానూ అరవై కిలోమీటర్లు, లీటరుకు పైగా అక్కడే కాలిపోతుంది, పది లీటర్లు పోయించుకుంటే మిగిలేదేమీ లేదు. అయినా వెళ్తారు. నేనూ వెళ్ళాను. కార్లవాళ్ళకీ, ఎలాగూ అటు పనుండి వెళ్ళేవాళ్ళకీ మాత్రం లాభమే.

ఇక పరిశ్రమల సంగతి. చాలామంది వంట గ్యాసునీ సహజ వాయువునీ ఒకటే అనుకుంటారు. ఆటోల్లో సీఎన్జీ, యూరియా, టైల్స్ బట్టీలు, గ్యాస్ కరెంటు ప్లాంట్లు, వీటిలో కాలేది రెండోది. అది మా గోదావరి జిల్లాల కింద, మా సముద్రంలో ఉన్నదే, అయినా మాకు దక్కిన తీరు చూడండి. మా తీరంలోని కృష్ణా గోదావరి సముద్ర గ్యాస్ క్షేత్రం, కేజీ డీ6లో 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, ఏడాది తిరిగేసరికి రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్ల దాకా వచ్చింది. ఆ ఊపులో చుట్టుపక్కల ప్లాంట్ల మీద ప్లాంట్లు కట్టారు. తర్వాత గ్యాస్ పడిపోయింది, 2013 మార్చికల్లా కరెంటు ప్లాంట్లకి డీ6 గ్యాస్ పూర్తిగా ఆగింది. సామర్లకోట దగ్గర రిలయన్స్ పవర్ 2,400 మెగావాట్ల ప్లాంటుకి గ్యాసే రాలేదు, చివరికి అందులో ఒక భాగం యంత్రాలు బంగ్లాదేశ్‌కి పోయాయి.

మా తోడల్లుడు ఇటువైపే ఒక ప్లాంటులో ఆపరేటర్‌గా చేసేవాడు, పేరొద్దు. గ్యాస్ ఆగాక రెండేళ్ళు ఉద్యోగం ఉంది, పని లేదు. తుప్పు పట్టకుండా చూడడం, అప్పుడప్పుడూ టర్బైన్ షాఫ్ట్ తిప్పడం, రిజిస్టర్‌లో రాయడం. "కోట్ల రూపాయల మెషీనుకి వాచ్‌మన్‌ని" అనేవాడు. విదేశాల నుంచి ఓడల్లో ద్రవ రూపంలో గ్యాస్ తెచ్చుకోవచ్చు కదా అని నేనే అమాయకంగా అడిగాను. ఆయన లెక్క చెప్పాడు: గ్యాస్‌ని కొలిచే ఎంఎంబీటీయూకి ఒక డాలర్ పెరిగితే యూనిట్ కరెంటు మీద అరవై పైసల దాకా పడుతుందట. పది డాలర్ల గ్యాస్ అంటే ఇంధనం ఖర్చే ఆరు రూపాయలు, బొగ్గు కరెంటు చవగ్గా దొరుకుతుంటే దాన్నెవరు కొంటారు? ఇప్పుడాయన వైజాగ్‌లో వేరే ఉద్యోగం చేసుకుంటున్నాడు. ప్లాంటు గేటు ఎదుట టీ కొట్టు పెట్టుకున్న కుర్రాడు మాత్రం వాళ్ళకన్నా ముందే ఎత్తేశాడు.

అదే గ్యాస్ పెరుగుదల యూరియా బస్తా మీద మాత్రం మీకు కనపడదు. 45 కిలోల బస్తా రైతుకి 266.50 రూపాయలే, మిగతా భారం ప్రభుత్వానిది, 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్ల దాకా పోయింది. ఆటో అతనికి అలాంటి అడ్డు లేదు. దేశంలో తీసే పాత క్షేత్రాల గ్యాస్ 2021 అక్టోబర్‌లో ఎంఎంబీటీయూకి 2.90 డాలర్లుండేది, ఏడాదికి 8.57 అయింది, సీఎన్జీ డీజిల్‌కి దగ్గరగా వచ్చేసింది. అప్పు చేసి మరీ సీఎన్జీ కిట్టు వేయించుకున్న ఆటో అబ్బాయి ఒకడు నాకు రోజూ కొబ్బరికాయలు, కూరగాయలు తెచ్చేవాడు, ట్రిప్పుకి ఇరవై పెంచమన్నాడు, పెంచాను. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఆ గ్యాస్‌కి 6.50 డాలర్ల గరిష్ఠ పరిమితి పెట్టింది, కొంత తగ్గింది. ఆ ఇరవై నేను వెనక్కి అడగలేదు. నేను తగ్గించనివాణ్ణి, అతన్ని ఏ ముఖం పెట్టుకుని అడగను?

మీరు హోటల్ గానీ చిన్న యూనిట్ గానీ పెట్టే ఆలోచనలో ఉంటే ఒక్క పని చేయండి, రేటు ఇవాళ్టి బండని బట్టి కాకుండా గడిచిన మూడేళ్ళలో అన్నిటికన్నా ఎక్కువ పలికిన నెలని బట్టి వేసుకోండి. ఇంకోటి, మా ఏజెన్సీ వాడి దగ్గర రేటు తగ్గబోయే నెలాఖరులో బండలు గుట్టలుగా ఉంటాయి, తీసుకెళ్ళమని వాడే బతిమాలతాడు. పెరగబోయే నెలాఖరులో ఒక్కటీ ఉండదు.

ఇది రాస్తున్నది ముప్పయ్యో తారీఖు రాత్రి. ఇందాకే ఫోన్ చేశాను, స్టాక్ లేదన్నాడు.