ఆ ఐదుగురిని విడివిడిగా తూచకురా అల్లుడూ

ఒరే అల్లుడూ,

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, హాస్టల్లో నీకూ నీ రూమ్మేట్‌కీ నాలుగు రోజులుగా మాటల్లేవట. కారణం డెన్వర్ నగ్గెట్స్, ఆ అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు. అక్కకి ఆ పేరు నోరు తిరగలేదు, "ఏదో బంతాట గొడవంటరా, నువ్వైనా చెప్పు" అంది. విషయమేంటో నాకు వెంటనే అర్థమైంది. 2023లో ఎన్‌బీఏ లీగ్‌లో టైటిల్ కొట్టిన ఆ స్టార్టింగ్ ఫైవ్‌లో, అంటే మ్యాచ్ మొదట కోర్టులోకి దిగే ఐదుగురిలో, అందరూ గొప్పవాళ్లేనని నువ్వు, జోకిచ్ ఒక్కడే గొప్ప, మిగతా నలుగురూ అతని పక్కన ఉండి పేరు తెచ్చుకున్నారని వాడు. అంతే కదా?

వాదించడం మానెయ్యమని చెప్పడానికి రాయట్లేదు. ప్రాణం పెట్టి చూసే జట్టు గురించి వాదించుకోకుండా ఎలా ఉంటారు. విజయనగరంలో ఇరవై ఎనిమిదేళ్లు డ్రిల్లు మాస్టారుగా చేశాను, అందులో ఎక్కువ కాలం పిల్లలకి బాస్కెట్‌బాలే నేర్పాను. ఐదుగురిలో ఎవరెంత అన్న లెక్క నేను తప్పు చేసి నేర్చుకున్నాను, నువ్వు ఆ తప్పు చెయ్యకుండా నేర్చుకుంటావని రాస్తున్నాను.

ఆ తప్పేంటో ముందు చెప్తాను. మా స్కూలు జట్టులో ఒక కుర్రాడుండేవాడు, బంతి చేతికొస్తే బాస్కెట్ పడాల్సిందే, ప్రతి మ్యాచ్‌లో సగం పాయింట్లు వాడివే. వాడి పక్కన ఇంకొకడు, పొట్టి, మాట తక్కువ, మ్యాచ్ మొత్తానికి రెండు బాస్కెట్లు వేస్తే గొప్ప. జిల్లా పోటీలకి ముందు ఆ పొట్టివాణ్ణి తీసేసి ఒక పొడుగు కుర్రాణ్ణి మొదటి ఐదుగురిలో పెట్టాను. అందరూ మెచ్చుకున్నారు. తీరా మ్యాచ్‌లో మా స్కోరర్‌కి ఒక్క ఖాళీ షాట్ కూడా దొరకలేదు, ఎటు తిరిగినా ఇద్దరు మీద పడ్డారు. ఓడిపోయాం. వాడికి ఆరోజు టెన్షన్ అనుకున్నాను. కొన్ని నెలలకి ఒక సాయంత్రం పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకుంటుంటే గట్టు మీద కూర్చుని చూస్తే తెలిసింది, ఆ పొట్టివాడు ప్రతిసారీ ముందే వెళ్లి స్క్రీన్ పెట్టి నిలబడేవాడు, స్కోరర్‌ని కాపలా కాసే ఎదుటి జట్టు కుర్రాడు వీడికి తగిలి ఆగిపోయేవాడు, ఆ ఒక్క క్షణంలోనే షాట్ పడేది. స్కోరు పుస్తకంలో దానికి గడి లేదు. ఆ పిల్లాడు మళ్లీ జట్టులోకి వచ్చాడు కానీ ఆ ఏడాది పోయింది, ఇప్పటికీ తలుచుకుంటే బాధే.

ఇప్పుడు మీ నగ్గెట్స్ దగ్గరికి రా. జమాల్ మర్రే, కాల్డ్‌వెల్-పోప్, మైకేల్ పోర్టర్ జూనియర్, ఆరన్ గోర్డన్, నికోలా జోకిచ్. వీళ్లని ఒక్కొక్కణ్ణి బయటికి లాగి తూకం వేస్తే నీ రూమ్మేట్ అన్నదే నిజమనిపిస్తుంది. 2014 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునేచోట, 41వ వాడిగా వచ్చిన జోకిచ్ 2021, 2022లో ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయ్యాడు, ఆ టైటిల్ గెలిచేనాటికి మిగతా నలుగురిలో ఒక్కడూ ఒక్కసారీ లీగ్‌లో మేటివాళ్లని ఎంచే ఆల్-స్టార్ జట్టులోకి రాలేదు. వాదన అక్కడితో అయిపోయినట్టే ఉంటుంది, కానీ కాలేదు.

గోర్డన్‌ని చూడు. ఓర్లాండో జట్టులో ఉన్నప్పుడు 2017-18లో మ్యాచ్‌కి సగటున 17.6 పాయింట్లు. డెన్వర్‌కి 2021లో వచ్చాడు, 2023-24లో సగటు 13.9. అంకెలు చూసినవాడు తగ్గిపోయాడంటాడు. ఆట చూసినవాడికి వేరేది కనిపిస్తుంది. ఓర్లాండోలో అతనికి బంతిచ్చి నువ్వే ఏదో ఒకటి చెయ్యి అనేవారు, అది అతని బలం కాదు. డెన్వర్‌లో బాస్కెట్ పక్కన కాచుకుని ఉంటాడు, జోకిచ్ మీదికి ఇద్దరొచ్చారా, వెనకనుంచి దూరి బంతి అందుకుని డంక్ చేస్తాడు. అటు డిఫెన్స్‌లో ఎదుటి జట్టులో అందరికన్నా బలమైన ఫార్వర్డ్‌ని తనే మీదేసుకుంటాడు, దాంతో జోకిచ్‌కి ఆ కష్టం తప్పుతుంది. ఆ ఐదుగురిలో ఆటగాడిగా రెండోవాడు మర్రేనే, నేనూ ఒప్పుకుంటాను, 2023 ఫైనల్స్‌లో మ్యాచ్‌కి 21.4 పాయింట్లు, 10 అసిస్ట్‌లు (తన పాస్‌తో పక్కవాడు వేసిన బాస్కెట్లు) ఊరికే రావు, అదీ మోకాలి లిగమెంట్ తెగి 2021-22 సీజన్ మొత్తం పోయాక. కానీ జోకిచ్ కాకుండా ఎవరు లేకపోతే జట్టు ఎక్కువ కుంటుపడుతుంది అని అడిగితే నేను గోర్డన్ పేరే చెప్తాను. ఎవరు గొప్ప అన్నది ఒక ప్రశ్న, ఎవరు లేకపోతే ఆగిపోతుంది అన్నది ఇంకో ప్రశ్న. మీరిద్దరూ ఒకరు ఒకటి, ఇంకొకరు ఇంకోటి అడుగుతూ పోట్లాడుకుంటున్నారని నా అనుమానం.

పోర్టర్ సంగతీ అంతే. ఆ ఫైనల్స్‌లో అతని త్రీలు (దూరంనుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడలేదు, నిజమే. అయినా ఆరడుగుల పది అంగుళాల షూటర్ కార్నర్‌లో నిలబడితే, ఇవాళ పడట్లేదు కదా అని అతన్ని వదిలేసే ధైర్యం ఎవరికీ ఉండదు. అతని మనిషి, అంటే అతన్ని కాపలా కాసే ఎదుటివాడు, అతన్నే అంటిపెట్టుకుంటాడు, లోపల ఖాళీ దొరుకుతుంది. త్రీలు పడని ఆ సిరీస్‌లోనే చివరి మ్యాచ్‌లో 13 రీబౌండ్లు, అంటే తప్పిన షాట్ల బంతులు, తీశాడు.

ఆ చివరి మ్యాచ్ గుర్తుందా, మనకి 2023 జూన్ 13 పొద్దున్న. నువ్వు మా ఇంట్లోనే చూశావు, మీ అత్త ఇడ్లీలు పెట్టి పిలుస్తుంటే కదలలేదు. డెన్వర్ 94, మయామి 89. నిమిషంన్నర ఉందనగా డెన్వర్‌ని 90-89తో ముందుకి తెచ్చిన బాస్కెట్ ఎవరిది? బ్రూస్ బ్రౌన్‌ది. బెంచ్ మీదనుంచి వచ్చినవాడు, తప్పిన షాట్‌ని పట్టుకుని మళ్లీ వేశాడు. అర నిమిషం కూడా లేదనగా మయామి ఆటగాడు బట్లర్ వేసిన పాస్‌ని మధ్యలో లాక్కున్నది ఎవరు? కాల్డ్‌వెల్-పోప్, మీ గొడవలో ఇద్దరూ పేరు కూడా ఎత్తనివాడు. తర్వాత రెండు ఫ్రీ త్రోలూ (ఫౌల్‌కి దొరికే ఒక్కో పాయింటు షాట్లు) వేశాడు. ఇది మీ రూమ్మేట్‌కి చెప్పు, కానీ వాణ్ణి ఓడించడానికి కాదు, నువ్వు కూడా బ్రౌన్ సంగతి ఒప్పుకోవాలి కదా, నీ ఐదుగురి లెక్కలో అతను లేడు.

ఎన్‌బీఏ మ్యాచ్ 48 నిమిషాలు, కోర్టు మీద ఐదుగురు, అంటే మొత్తం 240 నిమిషాల ఆట. స్టార్టర్ తలా 34 నిమిషాలు ఆడాడనుకో, ఐదుగురికీ కలిపి 170. మిగిలిన 70 నిమిషాలు ఎవరు ఆడారు? మొదట దిగడం గౌరవమే, కొలబద్ద మాత్రం కాదు. మాను జినోబిలి శాన్ ఆంటోనియో జట్టుతో నాలుగు టైటిళ్లు గెలిచాడు, బెంచ్ మీదనుంచి వచ్చేవాళ్లలో మేటివాడికిచ్చే సిక్స్త్ మ్యాన్ అవార్డు 2008లో తీసుకున్నాడు. మన ఊరి విజ్జీగారు 1936లో ఇంగ్లండ్ వెళ్లిన భారత క్రికెట్ జట్టుకి కెప్టెన్, మూడు టెస్టుల్లో 33 పరుగులు. ఆయన పేరు మీదున్న స్టేడియంలోనే నేను పిల్లల్ని పరిగెత్తించాను, ఆయన మీద చిన్నచూపు లేదు. పేరు ఎక్కడ రాశారన్నది వేరు, ఆట ఎంతన్నది వేరు.

పాయింట్ల దగ్గర ఒక్క లెక్క నేర్చుకో, చాలు. ఒకడు 24 షాట్లు, 4 ఫ్రీ త్రోలు తీసుకుని 25 పాయింట్లు చేశాడు. ఇంకొకడు 10 షాట్లు, 3 ఫ్రీ త్రోలతో 16 చేశాడు. ఫ్రీ త్రోల్ని 0.44తో గుణించి షాట్లకి కలుపు, దాన్ని రెట్టింపు చేసి పాయింట్లని దానితో భాగించు. మొదటివాడికి 48 శాతం చిల్లర, రెండోవాడికి 70 పైన. దీన్నే ట్రూ షూటింగ్ అంటారు. 25 కొట్టినవాడి వీడియోలే అందరూ పంపించుకుంటారు, వాడు తప్పించిన షాట్లు ఎదుటి జట్టు చేతికి వెళ్లాయని ఎవరూ పంపించరు. ప్లస్-మైనస్‌ని, అంటే ఒకడు కోర్టు మీద ఉన్నంతసేపట్లో జట్టు ఎన్ని పాయింట్లు ముందుకెళ్లిందో వెనకబడిందో ఆ లెక్కని, మాత్రం ఒక్క మ్యాచ్‌కి చూసి నమ్మకు. జోకిచ్ పక్కన ఆడినవాడికి అది బాగానే వస్తుంది, అతను కూర్చున్నప్పుడు ఆడేవాడికి పాపం రాదు. ఎవరితో కలిసి ఆడినప్పుడు వచ్చిందో చూడు.

ఇంకొకటి, "యావరేజ్" అనే మాటకి మీకు కోపాలొస్తున్నాయి కదా. లీగ్‌లో 30 జట్లు, అంటే ఒక్కో స్థానంలో 30 మంది స్టార్టర్లు, మొత్తం 150 మంది. అందులో 15వ వాడంటే ఆ స్థానంలో ఈ భూమ్మీద పదిహేనో వాడి దరిదాపుల్లో ఉన్నాడని. అది తిట్టెలా అవుతుందిరా? "అతను చెత్త" అన్నప్పుడు కేకలు వెయ్యకుండా "30 మందిలో ఎన్నో వాడంటావు, అతని ముందు ఎవరెవరు" అని అడుగు. పేర్లు చెప్పడం మొదలుపెడితే గొంతులు అవే తగ్గుతాయి, నేను టీచర్ల గదిలోనూ మూడు లాంతర్ల దగ్గర టీ కొట్టులోనూ చూశాను. వాడు చెప్పిన పేరు సరైనదైతే ఔనని ఒప్పేసుకో, అక్కడ పౌరుషం పెట్టుకోకు.

ఫోన్‌లో హైలైట్స్ చూసి వాదించడం మాత్రం మానెయ్యండి ఇద్దరూ. ఒక క్వార్టర్ పాటు ఒక్క ఆటగాణ్ణే చూడు, బంతి ఎటు పోయినా సరే. స్క్రీన్ గట్టిగా పెట్టాడా, షాట్ పైకి లేవగానే తన మనిషికి అడ్డం నిలబడ్డాడా లేక బంతినే చూస్తూ ఉండిపోయాడా, పక్కవాడు దెబ్బతింటే సాయానికి వచ్చాడా, వచ్చి మళ్లీ తన మనిషి దగ్గరికి పరిగెత్తాడా. పన్నెండు నిమిషాలు కళ్లు అటే ఉంచడం కష్టం, మొదట్లో బంతి వైపే పోతాయి. అలవాటవుతుంది.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ రూమ్మేట్‌ని కూడా మా ఇంటికి తీసుకురా. ముందు నువ్వే వాడితో మాట్లాడు, ఈరోజే, ఉత్తరం చదవడం అయ్యాక. ఆ రోజుల్లో డెన్వర్‌లో రాత్రి ఏడింటి మ్యాచ్ మనకి పొద్దున్న ఏడున్నరకి వస్తుంది. మొదటి క్వార్టర్ నువ్వు గోర్డన్‌ని చూడు, వాడు మర్రేని చూస్తాడు, రెండో క్వార్టర్‌లో మార్చుకోండి. నేను జోకిచ్‌ని చూస్తాను, అది నాకు వదిలెయ్యండి.

మీ మావయ్య,
విజయనగరం