సమాధానం: సూడాన్ ఫోన్ సర్వేలో అందరూ ‘సరుకు ముట్టింది’ అంటున్నారు, ఫిర్యాదులు మాత్రం ఆగట్లేదు

సూడాన్‌లో పంచిన సాయం సరుకు జనానికి ముట్టిందా అని ఫోన్ చేసి అడిగితే అందరూ ‘ముట్టింది’ అంటున్నారు, ఫిర్యాదులు మాత్రం వస్తూనే ఉన్నాయి, తేడా ఎక్కడుందని అడిగారు. తేడా మీ ప్రశ్నల్లో లేదు, ఫోన్ నంబర్ల లిస్టులో ఉంది. పంపిణీ చేసిన సంస్థే లిస్టు ఇచ్చిందన్నారు కదా. మన మిర్యాలగూడలో రేషన్ డీలర్ రాసిచ్చిన పేర్లకే ఫోన్ చేసి ‘బియ్యం ముట్టాయా’ అని అడిగినట్టుంది.

1. పంపిణీకి ముందు చేసిన నమోదు లిస్టు అడిగి తీసుకోండి. అందులోంచి లాటరీ పద్ధతిలో పేర్లు తీయండి.

2. అందరూ వదిలేసేది ఇదే: ఫోన్ కలవకపోతే ఆ పేరు కొట్టేసి కింది పేరుకు పోతారు. అట్ల చేయొద్దు. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలయ్యాక వారాల తరబడి నెట్‌వర్క్ లేని ప్రాంతాలున్నాయి. ఫోన్ కలవని చోటికే లారీ కూడా పోయి ఉండకపోవచ్చు.
‘కలవలేదు’ అని వేరే కాలమ్ పెట్టండి, ప్రాంతాల వారీగా లెక్కేయండి. వేర్వేరు వేళల్లో మళ్లీ చేసి చూడండి. ‘కలవలేదు’లు ఎక్కడ ఎక్కువుంటే అక్కడ శాతాలు వేయకుండా, ‘సమాచారం లేదు’ అనే రాయండి. పై ఆఫీసుకు నచ్చదు, అయినా సరే.

3. ‘అందిందా’ అనొద్దు, ‘ఎన్ని కిలోలు, ఎవరికైనా డబ్బులిచ్చారా’ అనండి. కాల్స్ బయటివాళ్లతో చేయించండి. పంచినవాళ్లే అడిగితే, నిజం చెప్తే లిస్టులోంచి పేరు తీసేస్తారన్న భయం జనానికి ఉంటుంది.

ఇంకోటి, పేర్లు, ఊళ్లు ఉన్న ఎక్సెల్ షీట్ వాట్సాప్ గ్రూపులో ఉంటే ఈరోజే తీసేయండి. అక్కడ అది ప్రాణాల మీదికొస్తుంది.