రంగు లింకులు మళ్లీ మార్కుల మీదకు రాకపోతే చైన్ తప్పుగా వేసినట్టేనా?

కాదు. ఇంజన్ రీబిల్డ్ చేయించారు, క్రాంక్‌ని (పిస్టన్లు తిప్పే ఇరుసుని) రెండు చుట్లు తిప్పి చూస్తే, దాన్నీ వాల్వులు తెరిచే క్యామ్‌లనీ కలిపి తిప్పే టైమింగ్ చైన్ మీది రంగు లింకులు మార్కులకు ఎదురుగా లేవు, మెకానిక్ తప్పు చేశాడా అని అడిగారు. అవి అంత త్వరగా రావు, రావాల్సిన పనీ లేదు. క్రాంక్ పళ్లు 18, క్యామ్ పళ్లు 36, చైన్‌లో 130 లింకులు అనుకోండి. క్రాంక్ ఒక చుట్టు తిరిగితే చైన్ 18 లింకులే జరుగుతుంది. లింకులూ మార్కులూ మళ్లీ మొదటిలాగే కలవాలంటే క్రాంక్ 130 చుట్లు తిరగాలి. పానా పట్టుకుని అన్నిసార్లు తిప్పితే భుజం పడిపోతుంది. రంగు లింకులు చైన్ వేసే పూటకే. ఆ తర్వాత చూడాల్సింది స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) మీద మార్కులు. అవి రెండు చుట్లకోసారి కచ్చితంగా తమ చోటికి రావాలి.

అయితే మార్కులు కలిసినంత మాత్రాన చైన్ సరిగ్గా ఉన్నట్టు కాదు. నేను రాయాలనుకున్నది అసలు దీని గురించే. టైమింగ్ చైన్ కంటితో సెట్ చేసేది కాదు, చేత్తో సెట్ చేసేది. ఈ ముక్క తెలుసుకోవడానికి నాకు పట్టిన డబ్బుతో మంచి సెకండ్‌హ్యాండ్ బైకు వచ్చేది.

మాది బాపట్ల వైపు. ఉద్యోగం చెన్నైలో, ఇల్లు మడిపాక్కంలో. 2023 డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను 3, 4 తేదీల్లో మమ్మల్ని ఇక్కడ ముంచి, 5న వెళ్లి మా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఊరొదిలి వచ్చినా తుపాను మాత్రం వదల్లేదని అమ్మ ఇప్పటికీ అంటుంది. కింద పార్కింగులో మా 1.2 పెట్రోల్ బండి బానెట్ దాకా మునిగింది. నీళ్లు తీశాక దాన్ని తోయించి గ్యారేజీకి పంపాలి. నేనేం చేశానంటే, ఒకసారి చూద్దామని తాళం తిప్పాను. మొదటిసారి కదల్లేదు. రెండోసారి ఒక్క క్షణం అందుకుని టక్కుమని ఆగింది. గాలి నలుగుతుంది గానీ సిలిండర్‌లో చేరిన నీళ్లు నలగవు. పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగింది. ఇన్సూరెన్సు వాళ్లేమో మునిగిన బండిని స్టార్ట్ చేస్తే ఆ నష్టం మీదే అన్నారు, ఇంజన్ ప్రొటెక్ట్ యాడ్-ఆన్ తీసుకున్నారా అని అడిగారు. పాలసీ అమ్మేటప్పుడు గోడ గడియారం ఇచ్చారు గానీ ఈ సంగతి చెప్పలేదు.

ఆ నెల చెన్నైలో మెకానిక్ దొరకడమే గొప్ప. దొరికిన గ్యారేజీలో ఇంజన్ దించారు. రాడ్, రింగులు, గాస్కెట్లు, కొత్త చైన్, అన్నీ వేశామన్నారు. ఐదు వారాల తర్వాత బండి వచ్చింది. పొద్దున్నే నాలుగైదు సెల్ఫులకు గానీ అందుకోదు. స్లోలో ఒకటే వణుకు. వేలచ్చేరి ఫ్లైఓవర్ ఎక్కాలంటే ఫస్ట్ గేరు. డ్యాష్‌బోర్డు మీద చెక్ ఇంజన్ లైటు. స్కానర్ పెడితే పీ0016 అని వచ్చింది, అంటే క్రాంక్ స్థానానికీ క్యామ్ స్థానానికీ పొత్తు కుదరడం లేదని. "సెన్సర్ పోయింది సార్" అని క్యామ్ సెన్సర్ మార్చారు. వారం తర్వాత క్రాంక్ సెన్సర్ మార్చారు. కబురు తెచ్చినవాణ్ని మారిస్తే కబురు మారుతుందా?

మా ఎదురింట్లో ఒక బాబాయ్ ఉంటారు. పదహారో ఏట నెల్లూరు నుంచి వచ్చి, చెన్నైలో పాత బండ్ల సామాన్ల బజారైన పుదుప్పేటలో పని మొదలుపెట్టి, ముప్పై ఏళ్ల పైన ఇంజన్లే విప్పారు. మోకాళ్లు పట్టేశాక మానేశారు. ఒకరోజు నేను బండి తీస్తుంటే గేటు దగ్గర నిలబడి విని, "పన్ను జారింది నాయనా" అన్నారు.

"కొత్త చైన్ బాబాయ్. మార్కుల ఫోటో కూడా వాట్సాప్‌లో పెట్టారు" అని చూపించాను.

ఆయన ఫోన్‌ని దూరంగా పట్టుకుని చూశారు. "మార్కులు బాగానే ఉండాయి. వదులు ఎటుండాదో చూసినావా?"

నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

శనాదివారాలు పార్కింగులోనే పని. ఆయన కుర్చీలో, నేనూ ఆయన పాత శిష్యుడూ కింద. నాలుగు స్పార్క్ ప్లగ్గులూ తీశాం, ఇంజన్ చేత్తో తేలిగ్గా తిరగాలంటే అవి ఉండకూడదు. మొదటి సిలిండర్ ప్లగ్గు కన్నంలో కొబ్బరి బోండాం స్ట్రా నిలబెట్టారు. క్రాంక్ తిప్పుతుంటే స్ట్రా మెల్లగా పైకి లేచింది, ఒక చోట ఆగింది, మళ్లీ దిగబోయింది. ఆ ఆగిన చోటే టీడీసీ, పిస్టన్ పైకొచ్చే చివరి అంచు. టైమింగ్ కవర్ విప్పి చూస్తే క్రాంక్ మార్కు సరిగ్గా ఉంది, ఎగ్జాస్ట్ క్యామ్ (పొగ వెళ్లే వాల్వులది) సరిగ్గా ఉంది, ఇన్‌టేక్ క్యామ్ (గాలి వచ్చే వాల్వులది) మాత్రం ఒక పన్ను వెనక ఉంది. ఒక పన్నేగా అనుకోవద్దు. 36 పళ్ల క్యామ్‌కి ఒక పన్ను అంటే 10 డిగ్రీలు, క్రాంక్ దగ్గర 20 డిగ్రీలు. ఇంకో రెండు పళ్లు జారితే వాల్వులు పిస్టన్‌కి తగిలేవేమో, అప్పుడు మళ్లీ హెడ్ దించాలి.

మరి ఫోటోలో మార్కులు ఎలా కలిశాయి? కలిశాయి, అబద్ధం కాదు. చైన్ వేసేటప్పుడు రెండు క్యామ్‌ల మధ్య కాస్త వదులు మిగిల్చారు. ఫోటో తీసే సమయానికి అంతా బాగుంది. చైన్‌ని బిగువుగా నొక్కి ఉంచేది టెన్షనర్. దాన్ని ఆపి ఉంచిన పిన్ను లాగగానే అది ఆ వదులంతా తనవైపు లాక్కుంది, దాంతో పాటు ఇన్‌టేక్ క్యామ్ వెనక్కి తిరిగింది. ఆ తర్వాత చేత్తో తిప్పి చూడకుండా నేరుగా సెల్ఫు కొట్టారు.

క్రాంక్ చైన్‌ని లాగే వైపు, రెండు క్యామ్‌ల మధ్యా చైన్ బిగువుగా ఉండాలి. వదులంతా టెన్షనర్ ఉన్న వైపే చేరాలి. ఆ లెక్కనే చైన్ తీసి మళ్లీ వేశాక బాబాయ్ నా వేలు పట్టుకుని రెండు వైపులా నొక్కించారు. ఒకవైపు తంబురా తీగలా ఉంది, రెండో వైపు బట్టలు ఆరేసే తాడులా ఉంది. అప్పుడు టెన్షనర్‌లో బయటికి తోసుకొచ్చే ప్లంజర్‌ని లోపలే ఆపి ఉంచిన సైకిల్ చువ్వ ముక్కని లాగమన్నారు. టక్‌మంది, తాడు కూడా తీగ అయింది.

"ఇప్పుడు తిప్పు. ఇంజన్ తిరిగే వైపే తిప్పాల, వెనక్కి తిప్పకు."

పొడుగాటి పానా వేసి తిప్పాను. కొంచెం తిరిగాక బరువెక్కుతుంది, ఆ తర్వాత పానా తనంతట తనే ముందుకు దూకుతుంది. మొదటిసారి భయపడి వదిలేశాను. "అది వాల్వు స్ప్రింగు తోస్తా ఉండాది. మెత్తగా బరువెక్కితే ఏం కాదు. రాయికి తగిలినట్టు ఆగితే మాత్రం బలం పెట్టొద్దు" అన్నారు. రెండు చుట్లు, మార్కులు కలిశాయి. ఇంకో రెండు, మళ్లీ కలిశాయి. కవర్ వేసి, కోడ్ చెరిపి స్టార్ట్ చేస్తే ఒక్క సెల్ఫుకి అందుకుంది. ఆ కోడ్ మళ్లీ రాలేదు. నా లెక్కలో రీబిల్డ్ తర్వాత పికప్ లేదని తిరిగే బండ్లలో సగానికి జబ్బు ఇదే.

యూట్యూబ్ వీడియోల్లో ఇది ఎందుకు చూపించరో నాకు అర్థం కాదు. వెనక డప్పుల మ్యూజిక్ పెట్టి, మార్కులు కలిపి, కట్ చేసి, బండి స్టార్ట్ అయినట్టు చూపిస్తారు. ఇంకో గోల కంప్రెషన్ టీడీసీయా, ఎగ్జాస్ట్ టీడీసీయా అన్నది, అంటే పిస్టన్ గాలిని నొక్కుతూ పైకొచ్చిందా, పొగని తోస్తూ వచ్చిందా అని. చైన్ తీసేసిన ఇంజన్‌లో క్రాంక్‌కి ఆ తేడా ఉండదు, అది క్యామ్‌లు నిర్ణయించేది. దానికి బదులు, చైన్ లేనప్పుడు క్యామ్‌ని ఇష్టమొచ్చినట్టు తిప్పితే పైనున్న పిస్టన్‌కి వాల్వు తగిలి వంగుతుందని చెప్పొచ్చుగా? ముందు క్రాంక్‌ని కాస్త తిప్పి పిస్టన్లని సగానికి దించుకోవాలి. కొత్త చైన్ వేసి పాత టెన్షనరూ అరిగిన గైడ్లూ ఉంచేసేవాళ్ల గురించి అయితే చెప్పక్కర్లేదు. చైన్ జీవితకాలం వస్తుందని ఆయిల్ మార్చడం వాయిదా వేసేవాళ్లు ఇంకో రకం. చాలా బండ్లలో ఆ టెన్షనర్ పనిచేసేదే ఆయిల్ ప్రెషర్ మీద.

2024 అక్టోబరులో వాన హెచ్చరిక రాగానే వేలచ్చేరి ఫ్లైఓవర్ మీద బండ్లు వరసగా పెట్టారని వార్తల్లో నవ్వుకున్నారు కదా, ఆ వరసలో మాదీ ఉంది. ఈసారి ఫస్ట్ గేరు అక్కర్లేకుండానే ఎక్కింది.

మీ బండి ఇంకా స్టార్ట్ చేయకపోతే ప్లగ్గులు తీసి, చేత్తో నాలుగు చుట్లు తిప్పి, స్ప్రాకెట్ మార్కులు చూడండి. ఫోటో పెడితే మార్కులది ఒక్కటే కాదు, రెండు క్యామ్‌ల మధ్య చైన్‌ని వేలితో నొక్కి ఆ ఫోటో కూడా పెట్టండి. బాబాయ్‌కి చూపిస్తాను.