పాఠకుల ప్రశ్నలు: సన్న తాడు, ఫ్లై రాడ్‌తో అట్లాంటిక్ మీదికి

అమెరికా తూర్పు తీరంలో వేసవిలో చేపల వేటకి కెప్టెన్‌తో సహా అద్దెకిచ్చే చార్టర్ పడవల గురించి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకే సందేహాన్ని నలుగురైదుగురు అడిగినచోట కలిపి జవాబిచ్చాం.

నలుగురు స్నేహితులం జూలైలో శాండీ హుక్ దగ్గర చార్టర్ తీసుకుందామనుకుంటున్నాం. అందరికీ ఫ్లై రాడ్ పట్టాలని ఉంది. బుక్ చేసేముందు ఏం అడగాలి? లైసెన్సు కావాలా?
– ఒక పాఠకుడు, ఎడిసన్, న్యూజెర్సీ

నలుగురూ వెళ్లొచ్చు గానీ నలుగురూ ఒకేసారి ఫ్లై (ఈకలూ వెంట్రుకలూ గాలానికి కట్టిన తేలికపాటి ఎర) విసరలేరు. ఈ పనికి వాడేవి 22–25 అడుగుల సెంటర్ కన్సోల్ పడవలు, అంటే మధ్యలో స్టీరింగు, చుట్టూ ఖాళీ డెక్ ఉన్నవి. వాటిలో ఒకరు ముందు, ఒకరు వెనక నిలబడి విసురుతారు, అంతే. వెనక్కి పోయే తాడుకి నలభై అడుగుల ఖాళీ కావాలి, ఆ దారిలో మూడోవాళ్ల చెవి ఉండకూడదు. కాబట్టి ఇద్దరిద్దరుగా రెండు పడవలు తీసుకోండి, లేదా ఇద్దరు ఫ్లై, ఇద్దరు స్పిన్నింగ్ (మామూలు రీలూ, బరువైన ఎరా) అనుకుని వంతులు వేసుకోండి. ‘సిక్స్ ప్యాక్’ అని పిలిచే కోస్ట్ గార్డ్ లైసెన్సున్న కెప్టెన్ డబ్బు తీసుకుని ఆరుగురికి మించి ఎక్కించుకోకూడదు. కానీ ఆరుగురికి అనుమతి ఉన్నంత మాత్రాన ఆరుగురికీ విసిరే చోటు ఉంటుందని కాదు.

కెప్టెన్‌ని ముందే అడగాల్సినవి: ఫ్లై రాడ్లు ఆయనే ఇస్తారా, ఇస్తే ఎన్నో వెయిట్ (రాడ్ బలాన్ని చెప్పే అంకె) రాడ్లు, ఎలాంటి లైన్లు (ఫ్లైని మోసుకెళ్లే లావు తాళ్లు)? గాలి ఎక్కువైతే రద్దు ఎవరి నిర్ణయం, అడ్వాన్సు తిరిగిస్తారా, మరో తేదీకి మారుస్తారా? ఆ వారంలో అక్కడ అసలు ఏ చేప ఉంటుంది? ఈ చివరి ప్రశ్న చాలామంది అడగరు. జూలైకల్లా పెద్ద స్ట్రైప్డ్ బాస్‌లు చాలావరకు ఉత్తరానికి సాగిపోతాయి. అప్పుడు న్యూజెర్సీ దగ్గర దొరికేవి ఎక్కువగా బ్లూఫిష్, ఫ్లూక్ అనే బల్లపరుపు చేప. ఆగస్టు చివర్నుంచి ఆల్బీలు (ఫాల్స్ ఆల్బకోర్ చేపలు) వస్తాయి. స్ట్రైప్డ్ బాసే కావాలంటే జూన్ మొదట్లో ఇక్కడ వెళ్లండి, జూలైలో అయితే మసాచుసెట్స్ వైపు వెళ్లండి.

న్యూజెర్సీలో ఉప్పునీటి వేటకి ఫీజు కట్టే లైసెన్సు లేదు. ఉచిత రిజిస్ట్రీ ఒకటుంది, చార్టర్ ఎక్కేవాళ్లకి అదీ అక్కర్లేదు. మసాచుసెట్స్‌లో 16 ఏళ్లు నిండినవాళ్లకి పర్మిట్ ఉండాలి, చార్టర్‌లో అయితే పడవ పర్మిట్టే మీకూ వర్తిస్తుంది. టిప్పు మామూలుగా 15–20 శాతం. నల్ల అడుగు బూట్లు డెక్ మీద మరకలు పెడతాయి, వేసుకోకండి. అరటిపళ్లు ఇంట్లోనే వదిలిరండి. పడవలో అరటిపండు అపశకునమని ఇక్కడి కెప్టెన్లలో చాలామంది నమ్మకం. నవ్వుకోవచ్చు గానీ, వాళ్ల పడవలో నిలబడి వాదించకండి.

స్పిన్నింగ్ రీల్‌లో బ్రెయిడ్ (అల్లిన సన్న తాడు) వేస్తే పది విసుర్లకోసారి ఉండ చుట్టుకుపోతోంది. చేప తగిలితే లీడర్ (ఎరకి ముందు కట్టే తాడు ముక్క) ముడి దగ్గర తెగిపోతోంది.
– ఒక పాఠకురాలు, జెర్సీ సిటీ

ఉండకి గాలిని తిడతారు గానీ, అసలు కారణం స్పూల్ మీద వదులుగా పడిన ఒక చుట్టు. హ్యాండిల్ తిప్పి బెయిల్ (తాడుని స్పూల్ మీదికి చుట్టే తీగ) మూసినప్పుడు తాడులో కాస్త వదులు మిగిలిపోతుంది. దాని మీద మిగతా తాడంతా బిగువుగా చుట్టుకుంటుంది. తర్వాతి విసురులో ఆ వదులు చుట్టు పక్క చుట్లని లాక్కుని ఒక్కసారే బయటికొస్తుంది. అందుకే బెయిల్‌ని చేత్తో మూయండి, వెంటనే తాడుని వేళ్లతో పట్టి ఒకసారి గట్టిగా లాగండి, తర్వాతే తిప్పండి. స్పూల్‌ని అంచుదాకా నింపొద్దు, 3 మిల్లీమీటర్లు ఖాళీ వదలండి. ఇంకో తప్పు: చేప తాడు లాక్కుపోతుంటే మీరు హ్యాండిల్ తిప్పుతూనే ఉండటం. డ్రాగ్ (చేప లాగితే తాడుని కొద్దికొద్దిగా వదిలే బ్రేకు) జారుతుండగా తిప్పిన ప్రతి తిప్పూ తాడుకి మెలికలు ఎక్కిస్తుంది. చేప పరిగెత్తేటప్పుడు చెయ్యి ఆపాలి.

ముడి తెగడానికి మామూలుగా రెండు కారణాలు. పొడిగా బిగించడం ఒకటి. బిగించేటప్పుడు పుట్టే వేడికే లీడర్‌కి వాడే ఫ్లోరోకార్బన్ తాడు బలం పోతుంది, ఉమ్మితోనో నీళ్లతోనో తడిపి నెమ్మదిగా బిగించాలి. రెండోది చుట్ల లెక్క. డబుల్ యూని ముడిలో బ్రెయిడ్ వైపు 8 చుట్లు, ఫ్లోరోకార్బన్ వైపు 5 వెయ్యండి. బ్రెయిడ్ నునుపు, తక్కువ చుట్లైతే జారిపోతుంది. ఎఫ్‌జీ ముడి ఇంకా సన్నగా వస్తుంది, రాడ్ రింగుల్లోంచి తగలకుండా దూరిపోతుంది. కానీ అది ఊగే పడవలో నేర్చుకునే పని కాదు, ఇంట్లో సాధన చెయ్యండి.

పరికరాలకొస్తే: 7 అడుగుల మీడియం రాడ్, 4000 సైజు రీల్, 20 పౌండ్ల బరువుకి ఆగే బ్రెయిడ్ కనీసం 250 గజాలు, చివర 25–30 పౌండ్ల ఫ్లోరోకార్బన్ మూడడుగులు. డ్రాగ్‌ని చేతి అంచనాతో వదిలెయ్యకుండా చిన్న స్ప్రింగ్ త్రాసుతో 5 పౌండ్లకి సరిచెయ్యండి. బ్లూఫిష్ ఉన్నచోట నాలుగంగుళాల వైరు ముక్క కలపండి. దాని పళ్లు ఫ్లోరోకార్బన్‌ని కత్తెరలా కోసేస్తాయి, మీ వేళ్లకీ ఆ మర్యాదే. గాలం తీయడానికి పొడవాటి ప్లయర్స్ తప్పనిసరి.

పదేళ్లుగా వాగుల్లో ట్రౌట్ పడుతున్నాను. ఉప్పునీటిలో ఫ్లై మొదలుపెట్టాక ఎన్నో స్ట్రైప్డ్ బాస్‌లు కరిచాయి, దాదాపు అన్నీ వదిలేశాయి. పైగా తాడు కాళ్లకింద చిక్కుకుంటోంది.
– ఒక పాఠకుడు, బోస్టన్ శివారు

ట్రౌట్ అలవాటే మీ శత్రువు. చేప కరవగానే మీ చెయ్యి రాడ్‌ని పైకెత్తుతోంది. 9 వెయిట్ రాడ్ కొస వంగి ఆ బలమంతా తానే మింగేస్తుంది, గాలం దిగదు. పైగా ఫ్లై నీళ్లలోంచి పైకి ఎగిరిపోతుంది, వెంబడించే చేపకి ఎదురుగా ఏమీ మిగలదు. ఉప్పునీటిలో రాడ్ కొస నీళ్లకి జానెడు ఎత్తులో, నేరుగా ఫ్లై వైపు ఉండాలి. కరిచినట్టు తెలియగానే రాడ్ కదపకుండా, తాడు పట్టుకున్న చేతిని రెండడుగులు వెనక్కి బలంగా లాగండి. దీన్నే స్ట్రిప్ స్ట్రైక్ అంటారు. తగలకపోయినా ఫ్లై రెండడుగులే కదిలింది కాబట్టి చేప మళ్లీ వచ్చి కరవడానికి అవకాశం ఉంటుంది.

గాలం దిగాక చేపని చూడకండి, కాళ్లదగ్గర తాడుని చూడండి. మొదటి పరుగులో చేపలు పోయేది ఇక్కడే: బొటనవేలికో, చొక్కా గుండీకో, రీల్ హ్యాండిల్‌కో చుట్టుకున్న ఒక మడత. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి రింగులా చేసి, పక్కకి చాపి, అందులోంచి తాడు రీల్ దాకా బిగిసేవరకు పోనివ్వండి. డెక్ మీద క్లీట్లనీ (పడవ తాళ్లు కట్టే కొక్కేలు), తాళ్లనీ తడి తువ్వాలుతో కప్పండి. కెప్టెన్ ఒప్పుకుంటే వట్టి కాళ్లతో నిలబడండి, తాడు తొక్కితే వెంటనే తెలుస్తుంది. లాగిన తాడు పడేలా నడుముకి కట్టుకునే స్ట్రిప్పింగ్ బుట్ట ఉంటే ఇంకా మేలు.

లైన్ల విషయంలో మా అభిప్రాయం గట్టిది: తేలే లైన్ ఒక్కటే తెచ్చుకుంటే సగం రోజు వృథా. మొదట కొనాల్సింది ఇంటర్మీడియట్, సెకనుకి ఒకటిన్నర నుంచి రెండంగుళాలు మునిగేది. రెండోది ఎండెక్కాక లోతుకి దిగిన చేపకోసం 300–400 గ్రెయిన్ల బరువున్న సింకింగ్ (బాగా మునిగే) లైన్. వెనక అదనపు సన్న తాడు, అంటే బ్యాకింగ్, 200 గజాలు. మునిగే లైన్‌కి లీడర్ పొడవక్కర్లేదు, 20 పౌండ్ల ఫ్లోరోకార్బన్ ఐదారడుగులు చాలు. పొడవైతే లైన్ మునిగినా ఫ్లై పైనే ఉండిపోతుంది. ఫ్లైలు రెండు రకాలుంటే చాలావరకు గడుస్తుంది: సీసం కళ్ల క్లౌజర్ మిన్నో, లెఫ్టీస్ డిసీవర్. మేరీల్యాండ్‌కి చెందిన లెఫ్టీ క్రే కట్టిన ఈ డిసీవర్ 1991లో అమెరికా తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కింది. 1/0, 2/0 సైజు గాలాల మీద మూడు నుంచి ఐదంగుళాలవి తెచ్చుకోండి.

ప్రవాహం నీటి అడుగు గట్ల మీద విరిగి పొంగే చోట్లని రిప్స్ అంటారు. మసాచుసెట్స్‌లో మోనమోయ్ దీవి దగ్గర ఇవి ప్రసిద్ధి. అక్కడ ప్రవాహానికి అడ్డంగా, కాస్త ఎగువకి విసిరి ఫ్లైని దానంతట అది కొట్టుకురానివ్వండి. లాగుడు తక్కువ, ఓపిక ఎక్కువ. పోటుకీ పాటుకీ మధ్య నీళ్లు నిలిచిన కాసేపు చేపలు తిండి మానేస్తాయి. సాండ్‌విచ్ తినాల్సింది అప్పుడే.

ఇక గాలి. కుడిచేతివాళ్లకి కుడివైపు నుంచి గాలొస్తే ఫ్లై నేరుగా తలమీదికే వస్తుంది. వెనక్కి తిరిగి నిలబడి, వెనక విసురునే చేపవైపు వదలండి. వెళ్లేముందు పార్కులో గడ్డిమీద, గాలం కత్తిరించేసిన ఫ్లైతో, రెండే ఊపుల్లో 50 అడుగులు పడేలా సాధన చెయ్యండి. కనిపించే చేప మీకు ఇచ్చే సమయం ఆ రెండు ఊపులే.

ఆగస్టు చివర్లో మసాచుసెట్స్‌లోని వైన్‌యార్డ్ సౌండ్‌లో ఆల్బీలు చుట్టూ నీళ్లు పొంగిస్తున్నా ఒక్కటీ కరవలేదు. ఎందుకు?
– ఒక పాఠకుడు, వూస్టర్

ఆల్బీ, అంటే ఫాల్స్ ఆల్బకోర్, మన సూర చేపకి దగ్గరి బంధువు. రెండంగుళాల చిన్న చేపల గుంపుల్లోంచి నోరు తెరిచి దూసుకుపోతుంది. మీరు నీళ్లు పొంగినచోట విసిరుంటారు, అప్పటికి అది అక్కడ లేదు. గుంపు ఎటు కదులుతోందో రెండు మూడు పొంగులు చూసి, దానికి పది పదిహేనడుగులు ముందు విసరండి. తరచుగా అవి గాలికి ఎదురు సాగుతాయి. అందుకే కెప్టెన్ పడవని గాలి వచ్చేవైపు నిలబెట్టి ఇంజిన్ తగ్గిస్తాడు. గుంపు మీదికి తోలమని ఆయన్ని తొందరపెట్టకండి.

ఎర చిన్నది కావాలి, లీడర్ 15 పౌండ్లకి దిగాలి. స్పిన్నింగ్‌లో ముప్పావు ఔన్సు ఎపాక్సీ జిగ్‌ని (గట్టిపూత వేసిన చిన్న బరువైన ఎర) చేతనైనంత వేగంగా తిప్పండి. ఫ్లై అయితే రాడ్‌ని చంకలో పెట్టి రెండు చేతులతో ఒకదాని తర్వాత ఒకటి లాగండి, వేగం మారకూడదు. అదీ పనిచేయకపోతే వేగం పూర్తిగా మానేసి, బరువులేని సన్నటి మెత్తని ప్లాస్టిక్ ఎరని అలా కొట్టుకుపోనివ్వండి. చిన్న చేపలు దట్టంగా ఉన్నప్పుడు కదలని ఎరే ఒక్కోసారి కంటపడుతుంది.

గాలానికి తగిలాక ఆల్బీ పడవ కింద గుండ్రంగా తిరుగుతుంది. రాడ్‌ని నిలువుగా ఎత్తి లాగితే కొస విరుగుతుంది, రాడ్ తాడుతో 90 డిగ్రీలు దాటకూడదు. వదిలేటప్పుడు స్ట్రైప్డ్ బాస్‌ని పట్టుకున్నట్టు నీళ్లలో పట్టుకుని కూర్చోకండి. ఈదుతూ ఉంటేనే దీని మొప్పల్లోకి నీళ్లు వెళతాయి, కాబట్టి తల ముందుగా బల్లెంలా నీళ్లలోకి విసరండి.

స్ట్రైప్డ్ బాస్ ఎంత సైజుది ఉంచుకోవచ్చు? వేడి రోజుల్లో వదిలినవి చచ్చిపోతాయంటారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ప్రొవిడెన్స్

2023 నుంచి అట్లాంటిక్ తీరంలో సముద్రవేటకి 28 నుంచి 31 అంగుళాల మధ్యది, అంటే సుమారు 71–79 సెంటీమీటర్లది, రోజుకి మనిషికి ఒకటే. అంతకన్నా పెద్దది గుడ్లు పెట్టే తల్లిచేప. పులస గోదావరి ఎక్కినట్టే ఇది వసంతంలో హడ్సన్‌లోకీ, చీసపీక్ అఖాతంలో కలిసే నదుల్లోకీ వెళుతుంది. తీరానికి మూడు మైళ్లు దాటితే ఫెడరల్ జలాలు, అక్కడ దీన్ని పట్టడమే నిషేధం. పచ్చి ఎర వాడితే కొస లోపలికి వంగిన సర్కిల్ గాలమే వాడాలి. రూల్స్ ఏటా మారే అవకాశముంది, బయల్దేరేముందు రాష్ట్ర మత్స్యశాఖ వెబ్‌సైట్ చూసుకోండి.

చచ్చిపోతాయన్నది నిజమే. వదిలిన ప్రతి వందలో 9 చస్తాయన్న లెక్కతోనే అధికారులు నిల్వలని అంచనా వేస్తారు. నీళ్లు 70 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే ఆ ముప్పు పెరుగుతుంది, వేడినీటిలో ఆక్సిజన్ తక్కువ, చేప అలసట ఎక్కువ. అందుకే జూలై, ఆగస్టుల్లో తెల్లవారకముందే బయల్దేరే ట్రిప్పే తీసుకోండి. సన్న తాడుతో అరగంట ఆడించడం గొప్పకాదు. రాడ్ అడుగుభాగాన్ని వంచి, చేప తల తిరిగిన దిక్కుకి ఎదురు పక్కకి లాగి త్వరగా తెప్పించండి. త్రిముఖ గాలాలు తీసి ఒంటి గాలం పెట్టండి, వెనకముల్లు ప్లయర్స్‌తో నొక్కెయ్యండి. చేతులు తడుపుకోండి, దవడ పట్టి నిలువుగా వేలాడదీయకండి. నీళ్లలో ప్రవాహానికి ఎదురుగా పట్టి, మీ వేలిని కొరికేదాకా ఆగండి.

ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, పడవ పడుతుందా? పట్టింది పులుసు పెట్టుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఎడిసన్

పడవ వికారానికి మందుల షాపులో దొరికే మెక్లిజిన్ మాత్ర ముందురోజు రాత్రి ఒకటి, ఎక్కడానికి గంట ముందు ఒకటి చాలామందికి పనిచేస్తుంది. పెద్దవాళ్లు వేరే మందులు వాడుతుంటే డాక్టరుని అడిగి వెయ్యండి. ఖాళీ కడుపు వద్దు, నూనె ఎక్కువున్న టిఫినూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. పడవ మధ్యభాగంలో, వెనకవైపు ఊపు తక్కువ. ఫోన్ చూడకుండా దూరంగా నింగీ నీరూ కలిసేచోటు చూడమనండి.

పులుసుకి బ్లూఫిష్ చక్కగా సరిపోతుంది, ముదురు నూనెచేప కాబట్టి చింతపండు దాన్ని కట్టేస్తుంది. కానీ పట్టగానే మొప్పలు కోసి రక్తం కార్చి, ఐసూ సముద్రపు నీళ్లూ కలిపిన డబ్బాలో వేయాలి. చర్మం కింది ఎర్రకండ తీసెయ్యాలి, ఆరోజే వండాలి. స్ట్రైప్డ్ బాస్ తెల్లకండ, వేపుడుకి బాగుంటుంది. ఆల్బీని ఎక్కువమంది తినరు, వదిలెయ్యండి. పెద్ద స్ట్రైప్డ్ బాస్, బ్లూఫిష్‌లలో పీసీబీలనే విష రసాయనాలుంటాయి. గర్భిణులూ చిన్నపిల్లలూ ఎంత తినొచ్చో న్యూజెర్సీ ప్రభుత్వ సూచనల్లో ఉంటుంది.

ఇవే రాడ్లు వైజాగ్ తెచ్చుకుంటే పనికొస్తాయా?
– ఒక పాఠకుడు, డల్లాస్

పారలకీ, సూరలకీ ఇవే రాడ్లు చాలు. కాలమే కుదరదు. అమెరికా వేసవి సెలవులకి మీరు వచ్చేసరికి తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజిన్ పడవలకి 61 రోజుల వేట నిషేధం నడుస్తుంటుంది, ఆ తర్వాత రుతుపవనాల అలలు. డిసెంబరు, జనవరి చూసుకోండి. నాలుగు ముక్కల రాడ్‌ని గొట్టంలో పెట్టి, గాలాలతో సహా చెకిన్ సామానులో వెయ్యండి. తిరిగొచ్చాక రీళ్ల డ్రాగ్ బిగించి సన్నటి మంచినీటి ధారతో కడగండి, ఆరాక డ్రాగ్ వదులు చెయ్యండి. పైపు గట్టిగా వదిలితే ఉప్పు లోపలికే పోతుంది.