టెక్ సందేహాలు: గేజ్ తక్కువ చూపిస్తే బోరు పోయినట్టేనా?

ప్రశ్న: మాది చీమకుర్తి, క్వారీలో పని చేస్తాను. నా 2003 స్ప్లెండర్ పొద్దున పూట ఓ పట్టాన స్టార్ట్ కావడం లేదు. కిక్కర్ మెత్తగా దిగిపోతోంది, డబుల్స్ ఎక్కితే బండి లాగడం లేదు. మెకానిక్ చూసి బోరు (పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడ) పోయింది, ఇంజన్ చేయించాలన్నాడు. ఆన్‌లైన్‌లో కంప్రెషన్ గేజ్ (సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూపే మీటర్) సెట్టు తెప్పించి నేనే చూశాను. కార్ల సెట్టే, 10 ఎంఎం అడాప్టర్ కూడా ఇచ్చారు. 75 పీఎస్‌ఐ వచ్చింది. వీడియోలో చెప్పినట్టు ఒక స్పూన్ ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 120 వచ్చింది. అంటే పిస్టన్ చుట్టూ ఉండే రింగులే పోయాయి కదా? లేత్ షాపులో ఇచ్చేయమంటారా?

జవాబు: ఇప్పుడే ఇవ్వకండి. మీరు పని శ్రద్ధగానే చేశారు. కానీ మీ సెట్టు మీ ఇంజన్‌కి తగ్గది కాదు, అందుకే రెండు రీడింగులూ తప్పుదారి పట్టిస్తున్నాయి.

స్ప్లెండర్ ఇంజన్ 97.2 సీసీ. కంప్రెషన్ రేషియో (లోపలి గాలి ఎన్నో వంతుకు నొక్కుకుంటుందో చెప్పే లెక్క) 9కి 1 అనుకుంటే, పిస్టన్ పైకొచ్చి ఆగినప్పుడు దాని మీద మిగిలే ఖాళీ 12 సీసీ చిల్లర. కార్ల గేజ్‌కి ఉండే రబ్బరు పైపు అడుగు పొడవు, లోపలి రంధ్రం 4 ఎంఎం అయితే ఆ పైపులోనే దాదాపు 4 సీసీ ఖాళీ ఉంటుంది. గాలిని వెనక్కి పోనీయకుండా ఆపే వాల్వు గేజ్ దగ్గర ఉంటే, ఆ 4 సీసీ కూడా మీ ఇంజన్ ఖాళీలో కలిసిపోతుంది. అప్పుడు రేషియో 9 నుంచి 7కి పడిపోతుంది. ఇంజన్ ఎంత బాగున్నా రీడింగ్ నాలుగో వంతు తక్కువ చూపిస్తుంది. కారు సిలిండర్ పెద్దది కాబట్టి అక్కడ ఈ తేడా లెక్కలోకి రాదు. మీ 75 అసలు విలువ 100 దాటే ఉండొచ్చు. అదీ తక్కువే, లీకు ఉన్నమాట నిజమే. కానీ ఇంజన్ చచ్చిపోయిందనేంత తక్కువ కాదు. ఈ తరహా ఫోర్‌స్ట్రోక్ బండ్లు ఆరోగ్యంగా ఉంటే సాధారణంగా 120 నుంచి 170 మధ్య చూపిస్తాయి.

ఆయిల్ సంగతీ అంతే. స్పూన్ అంటే 5 ఎంఎల్. ఉన్న కాస్త చోటులో 5 సీసీని ఆయిలే ఆక్రమిస్తే, రింగులు కొత్తగా ఏమీ ఆపకపోయినా ప్రెషర్ పెరిగి తీరుతుంది. లెక్క వేసి చూడండి: 75 ఉన్నది 120 దగ్గరికి వెళ్లడానికి ఆ ఆయిల్ పరిమాణం ఒక్కటే చాలు. పైగా స్ప్లెండర్ సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది. పోసిన ఆయిల్ బోరు కింది వైపు చేరుతుంది తప్ప రింగుల చుట్టూ సమంగా పట్టదు. ఈ బండికి సిరంజితో ఒకటి రెండు ఎంఎల్ మించి పోయకూడదు. పోశాక నాలుగుసార్లు కిక్కర్ తిప్పి, అప్పుడు గేజ్ బిగించాలి. రీడింగ్ ఒక్కసారిగా బాగా ఎగిరితేనే రింగుల మీద అనుమానం పెట్టుకోండి.

గేజ్ మళ్లీ కొనేటట్టయితే, ప్లగ్ రంధ్రంలో బిగించే చివర్లోనే వాల్వు ఉన్నది చూసుకోండి. టెస్ట్ చేసే ముందు ఇంజన్ బాగా వేడెక్కాలి. పెట్రోల్ కాక్ కట్టెయ్యాలి. చోక్ తీసేసి, యాక్సిలరేటర్ చివరిదాకా తిప్పి పట్టుకోవాలి. అది మూసి ఉంటే సిలిండర్‌లోకి గాలే చాలినంత రాదు. ముల్లు పెరగడం ఆగేదాకా కిక్కర్ కొట్టాలి. ఊడదీసిన ప్లగ్‌ని క్యాప్‌తో సహా ఇంజన్ బాడీకి ఆనించి, రంధ్రానికి దూరంగా పెట్టండి. రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి చిమ్ముతుంది, దగ్గర్లో స్పార్క్ వస్తే మంట అంటుకుంటుంది.

ఇంతకంటే ముందు చూడాల్సింది ట్యాపెట్లు, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు సరిచేసే స్క్రూలు. సౌండ్ వస్తోందంటే చాలు, చాలాచోట్ల ట్యాపెట్లు బిగించేస్తారు. పాత ఇంజన్‌లో వాల్వు సీట్లు అరిగేకొద్దీ ఆ సందు దానంతటదే తగ్గుతూ వస్తుంది. కాబట్టి ఇరవై ఏళ్ల బండి హెడ్డు (సిలిండర్ మీద వాల్వులుండే భాగం) మరీ నిశ్శబ్దంగా ఉంటే నేను సంతోషించను, ట్యాపెట్ మూతలు తీసి చూస్తాను. సందు లేకపోతే వాల్వు పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ అక్కడే జారిపోతుంది. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, మాగ్నెట్ (క్రాంక్‌తో పాటు తిరిగే చక్రం) మీది ఇంగ్లిష్ ‘T’ గుర్తు సరిపెట్టి, రెండు రాకర్లూ వదులుగా కదులుతున్నాయని చూసుకుని, సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్‌తో మాన్యువల్‌లో రాసిన సందు పెట్టించండి. దీనికి ఇంజన్ విప్పక్కర్లేదు, అరగంట పని. ఆ తర్వాత మళ్లీ కంప్రెషన్ చూడండి.

అప్పటికీ తక్కువే ఉంటే గాలి పెట్టి వినడమే దారి. నన్నడిగితే గేజ్ కంటే ఇదే నమ్మకమైన పరీక్ష. పాత ప్లగ్‌లోని పింగాణీ తీసేసి, దాని గుల్లకు ట్యూబు వాల్వు అతికించి ఇమ్మంటే వెల్డింగ్ షాపులో చేసిస్తారు. పిస్టన్‌ని కంప్రెషన్ మీద పైకి తెచ్చి, బండిని టాప్ గేర్‌లో వేసి, వెనక బ్రేక్ ఒకరిని తొక్కి పట్టుకోమనండి. లేకపోతే గాలి దెబ్బకు ఇంజన్ తిరిగి బండి ముందుకు దూకుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ నుంచి గాలి కొద్దికొద్దిగా వదలండి. షాపులో రేడియో, ఫ్యాను కట్టించి చెవి పెట్టి వినండి. సైలెన్సర్ గొట్టంలో సుయ్‌మంటే ఎగ్జాస్ట్ వాల్వు. ఎయిర్ ఫిల్టర్ పైపు ఊడదీసి కార్బురేటర్ మూతి దగ్గర వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు. హెడ్డుకీ సిలిండర్‌కీ మధ్య సబ్బు నురగ రాసినచోట బుడగలొస్తే గ్యాస్కెట్. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడ కాస్త గాలి ఏ ఇంజన్‌లోనైనా వస్తుంది, దానికి కంగారు పడకండి. వేలు పెడితే నెట్టేంత జోరుగా వస్తే మాత్రం మీ మెకానిక్ చెప్పింది నిజం, రింగులూ బోరూ పోయాయి.

వాల్వు అయితే హెడ్డు ఒక్కటే దించి గ్రైండింగ్ చేయిస్తే సరిపోతుంది, సిలిండర్ జోలికి పోవద్దు. బోరే అయితే రింగులు మాత్రం మార్చి సరిపెట్టుకోకండి. కోడిగుడ్డులా అరిగిన బోరులో కొత్త రింగులు కూర్చోవు. లేత్ షాపులో బోర్ గేజ్‌తో పైన, మధ్యలో, కింద కొలిపించి, ఆ కొలతల ప్రకారం ఓవర్‌సైజ్ పిస్టన్ కొనండి.

మీరు క్వారీలో తిరిగేవారు కాబట్టి ఇంకో మాట. ఎయిర్ ఫిల్టర్ బాక్సుకీ కార్బురేటర్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం ఊడదీసి లోపల వేలితో తుడవండి. వేలికి బూడిద రంగు పొడి అంటితే ఫిల్టర్ దాటి రాతి పొడి ఇంజన్‌లోకి పోతోందన్నమాట. గొట్టం పగిలిందో, ఫిల్టర్ అంచు సరిగా కూర్చోలేదో ముందు కనిపెట్టండి. ఒంగోలు రోడ్డులో రాళ్ల లారీల వెనక వెళ్లే బండికి ఆ పగులు ఉండగా ఎంత ఖర్చుపెట్టి బోరు చేయించినా, ఆ కొత్త బోరు కూడా తొందరగానే అరిగిపోతుంది.

ప్రశ్న: కావలి నుంచి డిగ్రీ విద్యార్థిని. ఫోన్‌కి తగిలించే చిన్న కెమెరాతో ప్లగ్ రంధ్రంలోంచి ఇంజన్ లోపల చూడొచ్చంటున్నారు. మా నాన్న బండి రంధ్రం కూడా 10 ఎంఎం. ఏది కొనాలి?

జవాబు: 5.5 ఎంఎం మందం ఉన్నదే కొనండి. 8 ఎంఎం రకం ఆ రంధ్రంలో ఇరుక్కోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఓటీజీ (బయటి పరికరాన్ని వైరుతో ఫోన్‌కి కలిపే సదుపాయం) ఉంటే టైప్-సీ వైరున్నది చాలు, ఐఫోన్ అయితే దానికి పనిచేస్తుందని వివరాల్లో రాసి ఉన్న రకం తీసుకోవాలి. వీటిలో ఫోకస్ మారదు, మరీ దగ్గరి వస్తువు మసకగా కనిపిస్తుంది. చిన్న బోరులో గోడ దగ్గరే ఉంటుంది కాబట్టి కొనేముందు ఎంత దగ్గరి నుంచి స్పష్టంగా చూపిస్తుందో వివరాల్లో చదవండి. కెమెరాతో వచ్చే అద్దం, కొక్కెం, అయస్కాంతం దేన్నీ తగిలించకండి. ఊడి సిలిండర్‌లో పడితే హెడ్డు దించాల్సిందే. ఇంజన్ పూర్తిగా చల్లారాకే పెట్టండి. పిస్టన్‌ని కిందికి దించి బోరు గోడ చూడండి: నిలువు గీతలు లోతుగా ఉంటే చెడ్డ గుర్తు, అడ్డదిడ్డంగా సన్నటి హోనింగ్ గీతలు (బోరును సానపెట్టేటప్పుడు పడేవి) ఇంకా కనిపిస్తుంటే మంచి గుర్తు. పిస్టన్ తల తడిగా, నూనెగా ఉంటే ఆయిల్ పైకి వస్తోంది. వాల్వు సరిగా మూసుకుంటోందా లేదా అన్నది మాత్రం ఈ కెమెరా చెప్పలేదు.

ప్రశ్న: నెల్లూరు. మామయ్య దగ్గర్నుంచి వచ్చిన ఆర్‌ఎక్స్ 100 ఉంది. దీనికీ ఇవే పరీక్షలా?

జవాబు: కాదు. అది టూస్ట్రోక్, హెడ్డులో వాల్వులే లేవు. ఆయిల్ పోసి చూసే పరీక్షతో మీకు పెద్దగా తెలిసేదేమీ ఉండదు. సైలెన్సర్ ఊడదీసి ఎగ్జాస్ట్ పోర్టులోంచి టార్చి వేసి, కిక్కర్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పండి. పిస్టన్ పక్క మీద గీతలు, గాడిలో అతుక్కుపోయిన రింగులు కళ్లకే కనిపిస్తాయి. గేజ్ మంచి రీడింగే చూపించినా బండి సరిగా నడవకపోతే క్రాంక్ సీళ్లు (క్రాంక్ షాఫ్ట్ రెండు వైపులా లీకు ఆపే రబ్బరు రింగులు) చూపించండి. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి లాగి ఇంజన్ వేడెక్కుతుంది. క్లచ్ వైపుది పోతే గేర్ ఆయిల్ లాగి తెల్లగా పొగ కక్కుతుంది, గేర్‌బాక్సులో ఆయిల్ తగ్గుతూ పోతుంది. ఈ లీకులు రెండూ పిస్టన్ కింద జరిగేవి కాబట్టి ప్లగ్ రంధ్రంలో పెట్టిన గేజ్‌కి అందవు.