చేతికుట్టే వృత్తిగా: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: డిగ్రీ అయ్యాక మగ్గం వర్కు నేర్చుకున్నాను. పర్యావరణానికి హాని చేయని చేతికుట్టునే వృత్తిగా చేసుకోవాలని నా కోరిక. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ వచ్చాక చేతిపనికి విలువ లేదని ఇంట్లో వాళ్లు అంటున్నారు. దీనికి భవిష్యత్తు ఉందా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: ఉంది, కానీ మెషీన్ చేసే పనినే మీరూ చేస్తానంటే కష్టం. ఒకే డిజైనును వంద జాకెట్ల మీద వేయడంలో దానితో పోటీ పడలేం. చిరుగు పట్టిన పాత పట్టుచీర సంగతి వేరు. ఏ రెండు చిరుగులూ ఒకలా ఉండవు కనుక, చిరుగు కింద పలుచని పట్టుగుడ్డ వేసి, చీర రంగులో కలిసిపోయే దారం వెతికి, పీచులు లేచిన అంచులను సన్నని కుట్లతో అణిచి, ఆ చోటనే కాడకుట్టుతో ఒక తీగనో, గొలుసుకుట్టుతో ఒక పువ్వునో నిలబెట్టడం చేతికే సాధ్యం. ఉన్న బట్టను మరికొన్నేళ్లు కట్టుకునేలా చేయడమే పర్యావరణానికి మీరు చేయగల పెద్ద మేలని నా గట్టి నమ్మకం. మీ వృత్తికి పునాది కూడా అక్కడే వేసుకోండి.

కొత్త జాకెట్లు కుట్టేటప్పుడు ప్లాస్టిక్ చమ్కీలు, గమ్ముతో అంటించే రాళ్లు తగ్గించండి. నాలుగుసార్లు తొడిగేసరికి రాళ్లు రాలిపోయి గమ్ము మరకలు మిగిలిన జాకెట్టును ఎవరూ దాచుకోరు. పట్టుదారం, నూలుదారం వాడండి. ముదురు రంగు దారమైతే ముందుగా తడిపి, తెల్లగుడ్డ మీద రుద్ది, రంగు దిగడం లేదని రూఢి చేసుకోండి. ఒళ్లు మారినా వదులు చేసుకునేలా పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదలమని టైలరుకు చెప్పండి.

చాలామంది దెబ్బతినేది ధర దగ్గరే. 1969లో గుజరాత్‌లోని కచ్‌ను కరువు పీడించినప్పుడు, ధనేటీ గ్రామ స్త్రీలకు చందాబెన్ ష్రాఫ్ చీరల మీద కుట్టుపని ఇచ్చి, దానికి కూలి చెల్లించారు. కచ్ స్త్రీల చేతికుట్టుకు పని, కూలి కల్పించే శ్రుజన్ సంస్థ అలా మొదలైంది. కుట్టు తీరికవేళ సరదా కాదని, కూలి దక్కవలసిన శ్రమ అని మీరూ ముందు నమ్మాలి. పన్నెండు గంటలు పట్టే పనికి గంటకు వంద రూపాయలు కట్టుకున్నా పన్నెండు వందలవుతుంది. దారం, ఇతర ఖర్చులు ఆపైన. ఈ లెక్కను బిల్లు మీద రాసి చూపించండి. బేరం ఆడేవారు కొందరు వెళ్లిపోతారు, పోనివ్వండి.

ప్రశ్న: మా ఊరి పక్క తండాలోని లంబాడీ అద్దాల కుట్టు నమూనాలను నా డిజైన్లలో వాడుకోవచ్చా?
– ఒక విద్యార్థిని, నల్లగొండ

జవాబు: ఫొటో తీసుకొచ్చి, మరొకరితో కుట్టించి అమ్మడం న్యాయం కాదు. ఆ కుట్టు తెలిసిన తండా స్త్రీలతోనే పని చేయించండి, కూలి వారితో మాట్లాడుకుని ఖాయం చేయండి, ఆ కళ ఎవరిదో అమ్మే బట్టకు కట్టే చీటీ మీద రాయండి. కేంద్ర జౌళి శాఖలోని హస్తకళల విభాగం చేతివృత్తుల వారికి పహచాన్ గుర్తింపు కార్డులు ఇస్తుంది. వారికి అవి లేకపోతే దరఖాస్తు నింపడంలో మీరు సాయపడండి.