టర్బో ఉన్నా మైలేజీ ఎందుకు రావడం లేదంటే

మీ 1.0 లీటర్ టర్బో పెట్రోల్ కారు ఊళ్లో లీటరుకు 11 కిలోమీటర్లే ఇస్తోందని, టర్బో ఉంటే మైలేజీ పెరగాలి కదా అని అడిగారు. టర్బో తనంతట తాను పెట్రోలు ఆదా చేయదండీ. పొగగొట్టం గుండా వృథాగా పోయే వేడి వాయువులతో చిన్న చక్రాన్ని తిప్పి, ఇంజన్‌లోకి అదనంగా గాలిని కుక్కుతుంది. గాలి పెరిగితే దానికి తగ్గ పెట్రోలూ పడాల్సిందే. ఆదా అంతా ఇంజన్ చిన్నది కావడం వల్లే, అదీ నెమ్మదిగా నడిపినప్పుడే. గట్టిగా తొక్కితే అది పెద్ద ఇంజన్‌లాగే తాగుతుంది. ఒక్కోసారి ఇంజన్ వేడి తగ్గించడానికి పెట్రోలును అవసరానికి మించి చిమ్ముతుంది కూడా.

సిగ్నల్ పడగానే టర్బో ఇచ్చే ఆ ఊపు కోసం కాలు నొక్కడం నాకూ అలవాటే, సరదాగా ఉంటుంది మరి! ఒక వారం పాటు టాకోమీటర్ (ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో చూపే మీటరు) ముల్లు 2,000 దాటకుండా గేరు మార్చి చూడండి. అలాగని పెద్ద గేరులో 1,200 దగ్గర ఈడ్చవద్దు, ఇంజన్‌కు మంచిది కాదు. టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్ చూసుకోండి. మైలేజీని ట్యాంకు నిండా పోయించి లెక్కగట్టండి, డ్యాష్‌బోర్డు అంకెను నమ్మకండి. అప్పటికీ మారకపోతే, తొక్కినప్పుడు బుస్సుమని శబ్దం వస్తోందేమో వినండి. ఇంటర్‌కూలర్ (టర్బో కుక్కే గాలిని చల్లబరిచే భాగం) గొట్టం క్లిప్పు వదులై గాలి బయటికి పోతుండవచ్చు.